కొండరైలును ఎక్కించిన కాంతవ్వ

అమీర్‌పేట నేతగాళ్ల ఇంట్లో పుట్టిన ఇస్తారికి మగ్గం ముందు గంటసేపు కుదురుగా కూర్చోవడం చేతకాలేదు. 1934లో బొంబాయి మిల్లుల్లో పని చూసుకుంటానని నాంపల్లిలో రైలెక్కాడు. మిల్లు పని దొరకలేదు. బొంబాయి అవతల, కొండమీదికి పాకే ఒక బుల్లి రైల్లో దొరికింది. రెండడుగుల ఎడంతో పట్టాలు, బొమ్మల్లాంటి పెట్టెలు. ఇంజన్ ముందు పలకమీద కూర్చుని, చక్రాలు జారకుండా పట్టాలమీద ఇసుక చల్లడమే అతని పని. ఎదురుగా లోయ, మొహంనిండా గాలి. ఇస్తారికి అది సింహాసనమే.

వానాకాలం ఆ రైలు నడవదు. ఆ నాలుగు నెలలే ఇంట్లో ఉండేవాడు. ఓ ఏడు మూట కట్టుకుంటుంటే భార్య కాంతవ్వ అడ్డం నిలబడింది.

"గంతగనం ఏమున్నదయ్యా గా కొండ మీద? నేను సుత వస్త."

తీసుకుపోయాడు. రైలు సగం కొండ ఎక్కిందో లేదో, కాలం కాని కాలంలో వాన దంచింది. వెలిసేసరికి చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతున్నాయి. డబ్బాలో ఇసుక తడిసి ముద్దయింది. ఇస్తారి మొహం చిన్నబోయింది.

కాంతవ్వ పెట్టె దిగి వచ్చింది. "పొడి మట్టి అయితే నడుస్తదా?"

"నడుస్తది. గీ వానల యాడ దొరుకుతది?"

"గా బండ కింద సూడు. చుక్క పడలే."

కొంగులో మట్టి నింపుకుని వచ్చింది. ఆమెను చూసి మరాఠీ ఆడవాళ్లు నలుగురు దిగారు. భాష రాదు, చేతులూపి ఎక్కడ పొయ్యాలో చూపించింది. ఇంజన్ ఒక మూలుగు మూలిగి కదిలింది. పెట్టెల్లో ఒకటే చప్పట్లు!

పైస్టేషన్‌లో డ్రైవర్ ఆమెను ఇంజన్ ఎక్కించి కూత తాడు చేతికిచ్చాడు. లాగింది. లోయంతా మోగింది. నవ్వాపుకోలేక మళ్లీ లాగింది.

"ఇగ చాలు తియ్యే," అన్నాడు ఇస్తారి.

"నువ్వూకో!" అని మూడోసారి లాగింది.

ఆ తర్వాత ప్రతి ఏడూ ఇద్దరూ కలిసే వెళ్లారు. 1946లో పని మానుకుని వచ్చి, పంజాగుట్టలో రోడ్డు పక్కన చాయ్ దుకాణం పెట్టారు. రైలు సంగతి ఎవరడిగినా చెప్పేది కాంతవ్వే. చెప్పినప్పుడల్లా ఆనాటి వాన ఇంకాస్త పెద్దదయ్యేది. ఇస్తారి చాయ్ పోస్తూ, "నిజమే భాయ్, మస్తు వాన," అనేవాడు.