గొట్టం మామ

ఆ పడవల రేవులో అతన్ని అందరూ గొట్టం మామ అనేవారు. షికారు పడవల్లో మరుగుదొడ్డి తొట్టెలుంటాయి. అవి నిండితే పంపు పెట్టి లాగి, ఒడ్డున ఉన్న ట్యాంకులోకి పంపడం అతని పని. పద్దెనిమిదేళ్లు అదే చేశాడు.

మొదట్లో పడవలవాళ్లెవరూ అతన్ని పిలిచేవారు కాదు. రేవు దాటకముందే మీట తిప్పి, అంతా నీళ్లలోకి వదిలేసేవారు. అతనే చక్రాల బండి మీద గొట్టం వేసుకుని పడవ పడవకీ తిరిగేవాడు. "మీరు కాఫీ తాగుతూ ఉండండి సార్, పది నిమిషాల్లో ఖాళీ చేసేస్తా" అని బతిమాలేవాడు. ముక్కు మూసుకునేవాళ్లు మూసుకున్నారు, నవ్వేవాళ్లు నవ్వారు. ఇంటికెళ్తే భార్య గుమ్మంలోనే ఆపేసేది. "ముందు స్నానం, తర్వాతే సంసారం!"

నాలుగేళ్లకి చెక్క వంతెన కింద చేపపిల్లలు కనబడ్డాయి. భార్యని వెంటబెట్టుకొచ్చి మరీ చూపించాడు.

"ఇంత కంపు భరించింది వీటికోసమా?" అని నవ్విందావిడ. అయినా చాలాసేపు వంగి చూసింది.

తర్వాత పరిశుభ్రమైన రేవని బహుమతిగా పెద్ద బోర్డు ఇచ్చారు. మేనేజరు దాని పక్కన నిలబడి ఫొటో దిగాడు. మామని కాస్త పక్కకి జరగమన్నారు.

పోయిన ఎండాకాలం, రద్దీ మొదలైన వారంలోనే పంపు కాలిపోయింది.

"సీజను అయ్యాక చూద్దాం. నువ్వు మాత్రం రోజూ తీసినట్టు రిజిస్టర్లో రాసెయ్" అన్నాడు మేనేజరు.

"తియ్యకుండా ఎలా రాస్తాను సార్? అదంతా ఎక్కడికి పోతోందో తెలుసుగా?"

"సముద్రం పెద్దది మామా. నీ బుర్రే చిన్నది."

మామ రాయలేదు. తనిఖీ అధికారి వచ్చిన రోజు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆయన తలూపుతూ విన్నాడు, మేనేజరు గదిలో కాఫీ తాగాడు, పడవల దగ్గర కాకుండా, సముద్రం నుంచి కొత్త నీళ్లొచ్చే రేవు మొగలో ఒక సీసా నింపుకుని వెళ్లాడు. నీళ్లు బాగున్నాయని కాగితం వచ్చింది. ఆ మర్నాడే మామని గేటు దగ్గర వేశారు, కార్లకి అడ్డుకర్ర ఎత్తడానికి. రిజిస్టరు గుమాస్తా చేతికెళ్లింది. అతని దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది.

వారం తిరక్కముందే మనవరాలికి వాంతులు, జ్వరం. రేవు పక్క మెట్ల దగ్గర ఈత కొట్టొచ్చింది. మూడు రోజులు ఆస్పత్రిలో పెట్టాల్సొచ్చింది.

"అక్కడి నీళ్లు అద్దంలా ఉంటాయని నువ్వే కదా నాన్నా చెప్పావు!" అని కూతురు విరుచుకుపడింది.

పంపు పాడైందనీ, తనని గేటుకి తోసేశారనీ ఇంట్లో చెప్పడానికి మామకి నామోషీ అనిపించింది. ఆ నామోషీతోనే ఈతకెళ్తున్న పిల్లని వద్దనలేకపోయాడు. ఈ సంగతి కూతురికి ఇప్పటికీ చెప్పలేదు.

సీజను అయిపోయినా పంపు బాగుచెయ్యలేదు. మొన్న ఒక పెద్ద పడవ యజమాని గేటు దగ్గర కారాపాడు.

"ఏంటి మామా, రేవంతా ఒకటే కంపు! నువ్వున్నప్పుడే నయం."

"మీ తొట్టె ఎక్కడ ఖాళీ చేస్తున్నారు సార్?"

ఆయన కారు అద్దం పైకెత్తేశాడు. వెనకాల ఇంకో కారు హారను కొట్టింది. మామ కర్ర ఎత్తాడు.