పగిలిన రేడియో, నా వకాల్తా

ఒక మనిషి ఒక్క పూటల ఎంత ఇజ్జత్ పోగొట్టుకోవచ్చో మీరెవరన్నా ఎప్పుడన్నా ఆలోచించిండ్రా? ఆలోచించకుండ్రి, ఆ పని నేను చేసి పెట్టిన. హన్మకొండ చౌరస్తల, పట్టపగలు, పట్టుచీర కట్టుకొని మరీ చేసిన. మీరు కూసోండ్రి, చెప్త.

అప్పటికి నా పెండ్లై ఏడాది కూడా కాలేదు. మా అత్తగారోళ్లది కిరాణం దుకాణం. ఎంత నిష్ఠ గల ఇల్లంటే, శనివారం నాడు ఉల్లిగడ్డ కూడా గడప బయటే నిలబడి "లోపలికి రావచ్చునా?" అని అడిగేటట్టుండేది. ఆ ఇంట్ల దేవుని అర్ర తర్వాత అంత మర్యాద రేడియోకే. పొద్దున దాంట్ల భక్తి పాటలు రాకుంటే మా అత్తమ్మకు గొంతుల చాయ్ దిగకపోయేది.

అసువంటి రేడియో ఒకనాడు జలుబు చేసినట్టు గరగరమన్నది. చౌరస్తల సత్తయ్య రిపేరు దుకాణంల ఇచ్చినం. బాగైందని కబురు రాంగనే తెచ్చే పనికి నేనే ముందటపడ్డ.

"పదో తరగతి చదివిన కోడలుండంగ ఇంకొకలెందుకు అత్తమ్మా?" అన్న.

పోతే సత్తయ్య లేడు. ఆయన భార్య ఉన్నది. "మా ఆయన మాపటికి వస్తడు, జర అప్పటిదాంక ఆగు చెల్లె" అన్నది. ఆగుడా? నేనా? ముందర దిక్కు చూడకుండనే, ఇంటి నుంచి తెచ్చిన పూల గుడ్డ రేడియో మీద కప్పిన, రిక్షాల పెట్టుకొని వచ్చిన.

ఇంట్ల అత్తమ్మ గుడ్డ తీసింది. తీసి, అట్లనే నిలబడ్డది. రేడియో ముందరి మూల ఎలుక కొరికిన కొబ్బరిచిప్ప తీరుగ లేచిపోయింది. అద్దం మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాంక పగులు. పెట్టి చూస్తే మాత్రం గంట కొట్టినట్టు పాడింది.

"పాడుతాంది గద బిడ్డా, ఊకో" అన్నది అత్తమ్మ.

"ఊకునుడేంది అత్తమ్మా! పగలగొట్టి, గుట్టుగ మనకు అంటగట్టిండు. రేపు పొద్దున పోయి అడుగుదాం."

గోటితో పోయేదానికి గొడ్డలెందుకని పెద్దలంటరు. నాకు గోర్లు చిన్నగుండె, గొడ్డలి పెద్దగుండె. ఏం చేయమంటరు?

తెల్లారి పట్టుచీర కట్టిన. కొట్లాటకు పట్టుచీర ఎందుకంటరా? ఒంటి మీద పట్టుంటే మాట మీద పట్టుంటదని అప్పట్ల నా నమ్మకం. అత్తమ్మను ఎక్కించుకొని, రేడియోను ఒళ్లె పెట్టుకొని, సత్తయ్య దుకాణం ముందట రిక్షా దిగిన.

"ఏమయ్యా సత్తయ్యన్నా! నీకు ఇచ్చింది రేడియోనా, కొబ్బరికాయనా?"

సత్తయ్య మెత్తని మనిషి. కండ్లద్దాలు సవరించుకొని రేడియో దిక్కు చూసిండు. "చెల్లె, అసలు ఇది..."

"అసలూ లేదు, వడ్డీ లేదు! పగిలిందా లేదా?"

"పగిలింది. కాని ఇది..."

"ఒప్పుకున్నడు! అందరు విన్నరా? ఒప్పుకున్నడు!"

అందరంటే నిజంగనే అందరు. పాన్ డబ్బా ఆయన పాన్ చుట్టుడు బంద్ చేసి వచ్చిండు. రిక్షాలోళ్లు వచ్చిండ్రు. దవాఖానకు పోతున్న ఒక ముసలాయన నొప్పి మరిచి నిలబడ్డడు. మందిని చూస్తే నాకు ఇంకింత ఊపు వచ్చింది.

"జర నన్ను ఒక్క మాట చెప్పనియ్యి చెల్లె..."

"ఒక్క మాటే చెప్పు. కొత్త డబ్బా పెడ్తవా, పెట్టవా?"

మంది కూడా "పెట్టాలె, పెట్టాలె" అన్నరు. మందికేం, వాళ్లకు సొంత రేడియో ఉన్నదా, పాడా! పాపం సత్తయ్య చెమట తుడుచుకొని, "సరే తల్లీ, ఈ రేడియోకు కొత్త డబ్బా, కొత్త అద్దం పెడ్త. శాంతించు" అన్నడు.

నేను గెలిచిన! అత్తమ్మ దిక్కు చూసి నవ్విన. సరిగ్గ అప్పుడే మందిని తోసుకుంట ఒక పెద్దమనిషి వచ్చిండు. నెత్తికి రుమాలు, చంకల బతికున్న కోడిపుంజు.

"సత్తయ్యా! నీ చేతుల మహిమున్నదయ్యా!" అన్నడు. "బండి మీదికెల్లి పడి మూల పగిలిన రేడియో ఇస్తే, పగులు కూడ మాయం చేసి ఇచ్చినవ్! మా ఊరు నెక్కొండల అందరు వచ్చి చూసి పోతాండ్రు. మా ఆడామె సంబురపడి నీకు ఈ కోడిని పంపింది."

మంది చూపంత నా చేతుల ఉన్న పగిలిన మూల మీద పడ్డది. కోడి "కొక్కొక్కో" అన్నది.

ఆ నెక్కొండ పటేలు కూడా నా చేతుల ఉన్న రేడియోను చూసిండు. "అరె! ఇది మా పాత రేడియో తీరే ఉన్నదేందీ?"

"నీదే పటేలా" అన్నడు సత్తయ్య స్టూలు మీద కూలబడి. "పొద్దటిసంది అదే చెప్తాన్న. ఈ చెల్లె చెప్పనిస్తే గద!"

లోపటి నుంచి ఆయన భార్య తొంగి చూసింది. "రెండు రేడియోలు ఒక్క తీరుగున్నయి, ఆయన వచ్చి ఇస్తడంటే, 'నా రేడియో నాకు తెల్వదా' అని ఎత్తుకపోయింది. మిగిలింది నేను పటేలుకు ఇచ్చిన" అన్నది.

భూమి పగిలి నన్ను మింగితే బాగుండనిపించింది. కాని చౌరస్త రోడ్డు గట్టిది.

పటేలు మంచి మనిషి. "ఫికర్ చెయ్యకు బిడ్డా, రేపు పొద్దటి రైలుకు మీ రేడియో తెచ్చిస్త" అన్నడు. తర్వాత పాన్ డబ్బా ఆయన చెవుల ఏదో ఊదంగ, మెల్లగ సత్తయ్య దిక్కు తిరిగిండు. "అయితే, కొత్త డబ్బా పెడ్త అన్నవట?"

"అది ఈ చెల్లెతోని అన్న."

"ఆమెకు పెడ్తనన్నవా, రేడియోకు పెడ్తనన్నవా?"

"రేడియోకే!" అన్నరు మంది, ఒక్క గొంతుతోని.

అప్పుడు అత్తమ్మ ముందటికి వచ్చింది. "పెట్టు సత్తయ్యా. ఆ ఖర్చు మేం పెట్టుకుంటం. రేడియో గొంతు నువ్వు బాగుచేసినవ్, మా కోడలి గొంతు తగ్గించే ఉపాయం గూడ ఏమన్నుంటే చూడు."

సత్తయ్య చేతులు జోడించిండు. "నా దగ్గర పెంచే సామాన్లే ఉన్నయి తల్లీ."

ఇగ పోదామనుకుంటుంటే పటేలు నా ముందటికి వచ్చిండు. "నా రేడియో కోసం ఇంతగనం కొట్లాడినవ్ బిడ్డా. ఇసువంటి వకీలును నేనెక్కడ చూడలె. ఇగో, నీ ఫీజు!" అని కోడిపుంజును నా చేతులల్ల పెట్టిండు.

అత్తమ్మ రిక్షా ఎక్కి, చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నది. "ఆ కోడి ఉన్నదాంక నువ్వు ఎక్కకు" అన్నది. ముందట రిక్షా, వెనుక పట్టుచీరల నేను, నా చంకల కోడి. బజారంతా బయటికి వచ్చి చూసింది. దుకాణంల కూసున్న మా ఆయన తక్కెడల పప్పు జోకుడు ఆపి, "కొట్లాటల గెలిచినవా?" అని అడిగిండు.

"గెలిచిన" అన్న. కోడిని రిక్షా ఆయన చేతుల పెట్టి ఇంట్లకు ఉరికిన.

ఆ పూట తల మీద నీళ్లు పోసుకొని, దేవుని ముందట నిలబడి ఒట్టు పెట్టుకున్న. ఇగ బతికినన్నాళ్లు, సామాను నాదేనని నాలుగు దిక్కుల తిప్పి చూసుకోకుండ ఎవ్వల దుకాణం ముందటా నోరు తెరవనని. ఇంతవరకు ఆ ఒట్టు తప్పలే. మీ సామాను ఏదన్నా పగిలి, మీకు కొట్లాట చాతగాకపోతే మాత్రం చెప్పుండ్రి, వచ్చి కొట్లాడి పెడ్త. కాకపోతే ఫీజు కింద కూరగాయలే తీసుకుంట.