వీపుల ఫోటోలు తీసిన గడియారాలాయన

మా మేడలో కింది వాటా గడియారాలాయనకి మంగళవారం సెలవు. ఆ రోజు రిపేరు కొట్టు షట్టరు దించి, మెడలో కెమెరా వేసుకుని ఊరి మీద పడేవాడు. పూల ప్రదర్శన, కుక్కల పోటీ, పడవల పందెం, పాత నీళ్ల ట్యాంకు కూల్చడం, ఏదీ వదిలేవాడు కాదు. తిరిగొచ్చాక ఏం తీశాడో చూపించేదాకా నేనూ వదిలేదాన్ని కాదు.

చూస్తే ఒక్క మొహమూ ఉండదు. పూల మీదికి వంగిన వీపులు, గట్టు మీద వరసగా నిలబడ్డ వీపులు.

“ఏం నాయనా, ఊళ్లో మొహాలకి కరువొచ్చిందా?” అన్నాను ఓసారి.

“మొహం తీయాలంటే అడగాలి కదా పెద్దమ్మా. నాకు నోరు పెగలదు. వీపు ఎవరిదైతేనేం, గుర్తుపట్టేవాళ్లెవరు?” అన్నాడు.

ఇరవై ఏళ్లుగా కంటికి భూతద్దం బిగించుకుని, తల వంచుకుని పనిచేస్తున్న మనిషి. గడియారం తెచ్చినవాళ్లతో కూడా గడియారాన్ని చూస్తూనే మాట్లాడతాడు. కొట్లో ప్రతి గడియారానికీ చీటీ కట్టి, అది వచ్చిన రోజూ గంటా నిమిషమూ రాస్తాడు. ఆ అలవాటు ఫోటోలకీ అంటుకుంది. ప్రతిదాని కిందా వారం, తేదీ, టైమూ ఉండాల్సిందే.

గ్రంథాలయం వాళ్లు ఊరివాళ్ల ఫోటోలు మూడు రోజులు తమ హాల్లో పెడతామంటే ఈయన పన్నెండిచ్చాడు. మోకాళ్ల నొప్పితో మొదటి రెండు రోజులూ నాకు కుదరలేదు. మూడో రోజు, ఆసుపత్రి డ్యూటీ దిగి అప్పుడే ఇంటికొచ్చిన పైవాటా నర్సమ్మని “కాసేపేనే, వచ్చి పడుకుందువుగాని” అని లాక్కెళ్లాను. నర్సమ్మ భర్త ఓ గోడౌన్లో సూపర్‌వైజరు. రోజూ ఎనిమిదింటికల్లా టిఫిన్ డబ్బా సంచితో బయల్దేరతాడు.

హాల్లో ఒక ఫోటో దగ్గర ఆగిపోయాను, ఇది నాకు చూపించలేదే అని. చెరువు గట్టు మీద బెంచీ, దాని మీద ఒంటరిగా ఒక మనిషి వీపు. పక్కన మూత తీసిన డబ్బా. తినడం లేదు, నీళ్లకేసి చూస్తున్నాడు.

బాల్కనీలో నిలబడి ఎవరు ఎటు పోతున్నారో కనిపెట్టేదాన్ని, నాకు జనం వీపులు కొత్తా! ఎడమ భుజం అలా కిందికి దిగిన మనిషి మా వీధి మొత్తానికి ఒక్కడే.

“అదుగోనే మీ ఆయన!” అన్నాను. నలుగురూ తిరిగి చూశారు. అంతటితో ఊరుకున్నానా! చదివింది అయిదో తరగతి, అక్షరం కనిపిస్తే పైకి చదవకుండా ఉండలేను. “మంగళవారం, పదకొండు గంటల నలభై నిమిషాలు” అని కూడబలుక్కుని మరీ చదివాను.

“మంగళవారం ఆయనకి డ్యూటీ, పిన్నిగారూ” అంది నర్సమ్మ నెమ్మదిగా.

పక్కనే మరో మూడు ఫోటోలున్నాయి. అదే బెంచీ, అదే వీపు. నర్సమ్మ వాటి కింద ఉన్నది తనే చదువుకుంది, పెదవి కదపకుండా. తర్వాత నాకేసి చూడకుండా వెళ్లిపోయింది.

సాయంత్రానికి సంగతి బయటపడింది. అతని ఉద్యోగం పోయి రెండు నెలలైందట. ఇంకోటి దొరికాక చెబుదామని, రోజూ పెళ్లాం సర్దిన డబ్బా పట్టుకెళ్లి చెరువు గట్టున కూర్చుంటున్నాడట. “నిజమేనా?” అని ఎదురింటావిడ నన్నే అడగడానికొచ్చింది. ఏమో, తెలియదని తలుపేసుకున్నాను. తెలియదని నేననడం అదే మొదలు.

గడియారాలాయనకి చెబితే మొహం పాలిపోయింది. అప్పటికప్పుడు వెళ్లి ఆ నాలుగు ఫోటోలూ ఊడదీసుకొచ్చాడు.

“నాతో రండి పెద్దమ్మా. ఒక్కణ్ణీ ఆ మెట్లెక్కలేను.”

నాకు మాత్రం మొహం చెల్లుతుందా? అయినా వెళ్లాను. తలుపు నర్సమ్మ భర్తే తీశాడు. వెనక కుర్చీలో నర్సమ్మ, ఇంకా యూనిఫాంలోనే ఉంది.

“తప్పయిపోయింది బాబూ. నువ్వని నాకు తెలియదు...” అని మొదలుపెట్టి ఆగిపోయాడు గడియారాలాయన. తల వంచుకునే మనిషి తలెత్తాడు. “అబద్ధం. రెండో వారానికే తెలుసు.”

“తెలిసే తీశారా?” అంది నర్సమ్మ.

“పలకరిస్తే లేచి పోతాడేమోననుకున్నానమ్మా. వెలుతురు బాగుంది, అతను కూర్చున్న తీరు బాగుంది. ఫోటో చెడిపోతుందని చెట్టు చాటునే ఉండిపోయాను.”

“ఒక్కసారి పలకరిస్తే ఏం పోయేది అన్నయ్యా? రెండు నెలలు ఎవరికీ చెప్పుకోకుండా కూర్చున్నాడు మనిషి.”

ఆ మాట ఆయన్నే అన్నా, నాకూ తగిలింది. రోజూ బాల్కనీలోంచి “ఇవాళ ఆలస్యమైందేం? చొక్కా కొత్తదా?” అని అతన్ని ఆరా తీస్తూనే ఉన్నాను. మనిషి అలా చిక్కిపోతున్నావేం నాయనా అని ఒక్కనాడూ అడగలేదు.

అతను ఫోటోలు అందుకుని ఒక్కొక్కటే చూశాడు. “నేనిలా కూర్చుంటానా?” అన్నాడు పెళ్లాంతో. తర్వాత గడియారాలాయన వైపు తిరిగి, “హాల్లోకి చాలామంది వచ్చారా?” అన్నాడు.

“వచ్చారు బాబూ. మూడు రోజులూ వచ్చారు.”

అతను తలూపి లోపలికి వెళ్లిపోయాడు. నర్సమ్మ లేచొచ్చి, “వెళ్లి రండి” అని చప్పుడు కాకుండా తలుపు వేసింది. దడాలున మొహాన వేసినా బాగుండేది. మేమిద్దరం అక్కడే మెట్ల మీద నిలబడిపోయాం, ఒకరి మొహం ఒకరం చూసుకోలేక.