అవ్వ మూతలు తీసిన ఎండ్రకాయలు

ఈ పొద్దున ఉదయగిరి నుంచి మా మేనకోడలు ఫోన్ చేసి, వారంగా జలుబు వదలడం లేదని, పొలం ఎండ్రకాయల పులుసు తాగితే గానీ తగ్గేట్టు లేదని, అక్కడ అమ్మేవన్నీ సముద్రపు పీతలేనని చెప్పి, "నువ్వు ఎండ్రకాయల డాక్టరువి గదా మామా, ఆత్మకూరులోనే ఉండావు, నాలుగు పట్టించి బస్సులో పంపీ" అంది. కొన్నాళ్లు ఎండ్రకాయల మీద, మిగతా జీవితమంతా రొయ్యల మీద పరిశోధన చేసి రిటైరైన మనిషికి మా బంధువులు ఇచ్చిన బిరుదూ, అప్పగించిన పనీ ఇవి. నలుగురికీ అర్థం కాని చదువు చదివిన నా ఈడు వాళ్లకు ఈ మంట తెలుస్తుంది. పైగా నా దగ్గర ఎండ్రకాయల ఊసెత్తే హక్కు లోకంలో ఎవరికైనా లేదంటే అది ఈ పిల్లకే.

నేను పరిశోధనలో చేరిన కొత్తలో యూనివర్సిటీ కుళాయి నీళ్లకు ఎండ్రకాయలు బతకక, విసిగిపోయి, చేజర్లలో మా పెరట్లోనే మట్టితొట్లలో కాలవ నీళ్లు పోసి పెంచేవాణ్ణి. సముద్రపు పీత పిల్లలు పుట్టగానే నీళ్లపాలవుతాయి గానీ, పొలం ఎండ్రకాయ గుడ్లను పొట్ట కింది మడతలో దాచుకుని, పిల్లలు అచ్చం తల్లి రూపంలో బయటపడ్డాక కూడా కొన్నాళ్లు అక్కడే మోస్తుంది. ఏ తల్లి ఏ రోజు గుడ్లు పెట్టింది, నీళ్ల వేడిని బట్టి పిల్లలు ముందు వస్తాయా వెనక వస్తాయా అన్నది చూడడమే నా పని. అవి గుడ్లు పెట్టేది ఏడాదికి ఒక్కసారే, ఈసారి కూడా తేలకపోతే ఈ విషయం వదిలేసి వేరేది చూసుకోమని మా గైడు తెగేసి చెప్పి ఉన్నాడు. అందుకని ప్రతి తొట్టికీ వల బిగించిన మూత, మూత మీద రాయి. గట్లకు బొక్కలు పెట్టి మడిలో నీళ్లు నిలవనీయవని ఎండ్రకాయ కనబడితే చాలు చెప్పుకాలితో తొక్కే మా నాయన, వాటికి నేను మేత వేస్తుంటే చూడలేక మొహం తిప్పుకుని పోయేవాడు.

ఆ రోజుల్లోనే ఉదయగిరిలో ఇచ్చిన మా అక్క కాన్పుకు వచ్చింది. నొప్పులు తెల్లవారకముందే మొదలై పొద్దెక్కినా బిడ్డ రాకపోయేసరికి మంత్రసాని చేతులెత్తేసింది, నేను సైకిలెక్కి డాక్టరమ్మ కోసం ఆత్మకూరుకు పరుగు పెట్టాను. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కాన్పు కష్టమైతే ఇంట్లో ముడి అన్నది ఉండకూడదు, మూత అన్నది ఉండకూడదు. నేను అటు పోగానే మా అవ్వ ట్రంకుపెట్టె తాళం మొదలు ఊరగాయ జాడీల మూతులకు కట్టిన వాసెనగుడ్డల దాకా అన్నీ విప్పేసింది, ఎనుముల పలుపులు కూడా వదిలేసింది. ఆపైన పెరట్లోకి వచ్చింది.

డాక్టరమ్మను జీపులో వెంటబెట్టుకుని వచ్చేసరికి లోపల బిడ్డ ఏడుపు, బయట ఖాళీ తొట్లు. మూతలన్నీ గోడకు వరసగా ఆనించి ఉన్నాయి. అక్క బతికి బయటపడిందన్న సంతోషంతో ఏడుపొచ్చింది, ఆ తొట్లను చూసి మళ్లీ ఏడుపొచ్చింది, ఏది దేనికో నాకే తెలియలేదు. ఇల్లంతా పండగలా ఉంటే నా ఒక్కడి కోపానికి తావెక్కడ? అవ్వ మాత్రం నా మొహం చూసి, "కడుపుతో ఉండే వాటిని అన్నిట్ని మూతేసి పెట్టినావు, ఇంగ నీ అక్కకు కాన్పెట్లయితాదిరా? ఎండ్రకాయలదేముండాది అబ్బయా, కాలవకు పోతే తట్టెడు దొరకతాయి" అంది. తట్టెడు దొరుకుతాయి నిజమే, కానీ అవి ఏ రోజు గుడ్లు పెట్టాయో ఎవరిని అడగను? ఇది ఆమెకు చెప్పి ఒప్పించడం బ్రహ్మతరం కూడా కాదు. గైడు అన్నంత పనీ చేశాడు. నన్ను సముద్రపు ఒడ్డుకు పంపి రొయ్యల్లో పడేశాడు, ఉద్యోగమంతా ఆ ఉప్పునీళ్లలోనే గడిచిపోయింది. తొట్లలో మొదలుపెట్టిన ప్రశ్న అక్కడే ఆగిపోయింది.

ఆ రోజు పుట్టిన పిల్లకే ఇప్పుడు పులుసు కావాలి! తిట్టుకుంటూనే ఆటో ఎక్కి చేజర్ల పోయాను. మా పాత మడి గట్ల మీద ఎండలో ఆ చివర నుంచి ఈ చివర దాకా వంగి వంగి చూశాను. ఒక్క బొక్క లేదు. సిమెంటు పోసినట్టు నున్నటి గట్లు. పక్క మడిలో మందు కొడుతున్న రైతు నన్ను చూసి జాలిపడి, "ఎండ్రకాయలా? మళ్లలో పురుగుమందు గుళికలు చల్లేది మొదలుపెట్టినాక అవి యాడుంటాయి సార్, మా పిల్లోళ్లు చూసి కూడా ఎరగరు" అన్నాడు. మా నాయన ఉంటే సంతోషించేవాడేమో, నేను మాత్రం ఆ గట్టు మీదే కూర్చుండిపోయాను. రిటైరయ్యాక తీరిగ్గా ఆ తొట్లు మళ్లీ పెట్టుకోవచ్చని, ఆగిపోయిన చోటు నుంచే మొదలుపెట్టవచ్చని ఇన్నేళ్లూ మనసులో ఒక మూల అనుకుంటూనే ఉన్నాను.

మేనకోడలికి ఫోన్ చేసి మిరియాల చారు కాచుకోమన్నాను. కాలవకు పోతే తట్టెడు దొరకతాయన్న అవ్వ మాటకు బతుకంతా మండిపడ్డాను, ఇప్పుడు ఆ మాట అబద్ధమైపోయినందుకు అంతకన్నా ఎక్కువ మండుతోంది.