తప్పు ఆరో ఫ్రెట్‌ది

మాస్టారు పోయారన్న కబురు మా చర్చి క్వయర్ వాట్సాప్ గ్రూపులో చూశాను. ఉదయం మధురవాడ ఆఫీసుకు వెళ్లే క్యాబ్‌లో ఉన్నాను. కబురు కింద వరసగా దణ్ణాలు, కొవ్వొత్తులు, ‘మన సంగీతానికి మూలస్తంభం’ అనే మాటలు. ఆ గ్రూపులోంచి ఆయన్ని రెండేళ్ల కిందటే తీసేశారు. తీసేసినవాళ్లే కొవ్వొత్తులు పెడుతున్నారు. నేనూ ఒకటి పెట్టాను.

మీలో ఎవరికీ ఆయన తెలిసుండరు. పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. వన్ టౌన్‌లో ఒక మేడ మీద రెండు గదుల్లో ఆయనా, ఆంటీ ఉండేవారు. ముప్పై ఏళ్లు మా చర్చిలో గిటారు వాయించారు. గిటారు మీద స్వరాలు కలిపి పట్టే కార్డులు మొదటి మూడూ నాకు నేర్పింది ఆయనే.

ఆరేళ్ల కిందట నేనొక సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటారు కొన్నాను. ఇంటికి తెచ్చి వాయిస్తే లావు తీగ ఎక్కడ నొక్కినా జర్రుమంటోంది. అమ్మినతను ఫోనెత్తలేదు. ఒక షాపులో చూపిస్తే గిటారు మెడ పాడైపోయింది, మొత్తం మార్చాలన్నారు. ఏడుపు ముఖంతో మాస్టారి దగ్గరికి తీసుకెళ్లాను.

ఎవరి గిటారైనా ఒళ్లోకి తీసుకునే ముందు ఆయన బెల్టు విప్పి మేకుకు తగిలించేవారు, బకిల్ గీసుకోకూడదని. ఆ రోజూ అలాగే చేసి, తీగలు వేలితో రాసి చూశారు.

“ఎన్నాళ్ల తీగలివి?”

“కొన్నప్పుడున్నవేనండి.”

“ముందివి తీసీ. తుప్పట్టిన తీగల్తోటి పరీక్షేటమ్మా?”

కొత్త తీగలు వేసి శ్రుతి చేశారు. మెడ మీద అడ్డంగా వరసగా ఉండే లోహపు కమ్మీల్ని ఫ్రెట్లంటారు. లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక వేలితో, చిట్టచివరి ఫ్రెట్ దగ్గర ఇంకో వేలితో నొక్కిపట్టి, మధ్యలో చూడమన్నారు.

“సందుందా?”

“లేదండి. తీగ ఆనుకుపోయింది.”

“మరదే. మెడ ఎనక్కి ఒంగిపోనాది. తీగ మీద నేరం పెట్టకు. ముందు మెడ సూడు.”

మెడ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. అలెన్ కీతో దాన్ని పావు తిప్పు వదులు చేసి, గిటారు గోడకి ఆనించేశారు. “కర్ర కదా, దానికి టైమియ్యాల. రేపు రా” అన్నారు.

మర్నాటికి ఆ జర్రుమనే మోత చాలావరకు పోయింది. కింద తీగలు ఆనే బ్రిడ్జి మీద చిన్న స్క్రూలు తిప్పి తీగల్ని వెంట్రుకవాసి ఎత్తారు. ఐదో ఫ్రెట్ దగ్గర మాత్రం ఇంకా జర్రుమంటోంది. ఆ ఐదో ఫ్రెట్‌నే అరగదీస్తారనుకున్నాను. ఆయన చిన్న స్టీలు స్కేలు తెచ్చి మూడేసి ఫ్రెట్ల మీద పెట్టి ఊపుతూ వెళ్లారు. ఆరోదాని మీద స్కేలు టకటకమని ఊగింది.

“సూసేవా? మోత ఐదోదాని కాడ ఇనబడతంది. తప్పు ఆరోదానిది. అది లేచి కూకుంది.”

చుట్టూ టేపు అంటించి, ఆకురాయితో అరగంట మెల్లగా అరగదీశారు. తర్వాత ఆ గిటారు ఏళ్ల తరబడి నా చేతిలో పాడింది.

ఇప్పుడు మిగతాది చెప్పాలి. చర్చిలో కొత్త సౌండ్ సిస్టమ్ వచ్చింది, కొత్త కుర్రాళ్లొచ్చారు. ఒక ఆదివారం ఆరాధన తర్వాత కమిటీ కూర్చుంది. ఆయన వేళ్లు నెమ్మదించాయనీ, తాళం వెనకబడుతోందనీ అన్నారు. నిజానికి వెనకబడుతున్నది కొత్త కుర్రాళ్ల డ్రమ్ములు. ఆ సంగతి నాకు తెలుసు. నేనక్కడే కూర్చున్నాను. ఆయన శిష్యురాలిని కాబట్టి నన్నే వెళ్లి చెప్పమన్నారు.

వెళ్లాను. ఆయన ఎవరిదో గిటారు శుభ్రం చేస్తున్నారు.

“కొన్నాళ్లు రెస్ట్ తీసుకోమన్నారండి” అన్నాను.

“కొన్నాళ్లంటే ఎన్నాళ్లమ్మా?”

నేను మేకుకి వేలాడుతున్న బెల్టు కేసి చూశాను.

“నువ్వేటన్నావక్కడ?”

“నేనేమీ అనలేదు మాస్టారూ.”

“నానూ అదే అడుగుతన్నాను. ఎందుకనలేదని.”

ఆంటీ టీ తెచ్చారు. తాగకుండా వచ్చేశాను. మళ్లీ ఆ మెట్లెక్కలేదు. ఆదివారాలు ఆయన వెనక బెంచీలో కూర్చునేవారు. నేను స్టేజీ మీదుండి ఎటో చూసేదాన్ని.

పోయిన వానాకాలంలో నా గిటారు మళ్లీ జర్రుమంది. ఆయన దగ్గరికి వెళ్లే మొహం లేక షాపులో ఇచ్చాను. వారానికి తిరిగొచ్చింది. ఒక్క తీగా జర్రుమనడం లేదు.

“చాలా బాగా చేశారండి” అన్నాను షాపతనితో.

“మేం కాదు మేడమ్. ఇలాటివి వన్ టౌన్‌లో ఒక ముసలాయనకి పంపిస్తాం” అన్నాడు.

గిటారు భుజానికి తగిలించుకుని బస్‌స్టాపులో చాలాసేపు నిలబడ్డాను. వన్ టౌన్ బస్సులు రెండు వచ్చి వెళ్లిపోయాయి. ఇంటికి వెళ్లిపోయాను.

అంత్యక్రియల రోజు ఆంటీ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టుకున్నారు. “నీ గిటారు మనింటికొచ్చింది, ఎరుగుదువా? దాని పెట్టె తెరవగానే గుర్తుపట్టీసేరు. మనమ్మాయిదే అన్నారు. ఈ పాలి తనే ఒత్తాదని రోజూ మెట్లకేసి సూసీవోరు. నువ్వు రాలేదు” అన్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

చర్చిలో కమిటీవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆయన గొప్పతనం చెప్పారు. నన్నూ పిలిచారు. ‘ఆయన లేని లోటు తీరనిది’ అని చెప్పి దిగిపోయాను. అక్కడ చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. ఆయన వేళ్లు బాగానే ఉన్నాయి. ఆ రోజు ఆ మాట అనడానికి నాకు ధైర్యం చాలలేదు.

సమాధుల తోటకి తీసుకెళ్లే బండి చర్చి ఉన్న వన్ టౌన్ సందులోకి రాలేదు. శవపెట్టెని మెయిన్ రోడ్డు దాకా భుజాల మీదే మోసుకెళ్లాం. మధ్యలో ఒక గోదాము ముందు లారీ నుంచి బియ్యం దించుతున్నారు. పెట్టెని చూసి కళాసీలందరూ పని ఆపారు. ఒకతను మాత్రం అప్పటికే వీపున బస్తాతో సందు మధ్యలో ఉన్నాడు. వెనక్కి వెళ్లే చోటు లేదు, దించుకునే చోటూ లేదు. గోడకి ఒదిగిపోయి, తల వంచుకుని నిలబడ్డాడు. పెట్టె దాటింది. కమిటీవాళ్లు మాట్లాడుకుంటూ దాటారు. అందరికన్నా వెనక నేనున్నాను. నేను కూడా దాటేదాకా అతను ఆ బస్తా మోస్తూ అలాగే నిలబడ్డాడు.