ఫ్రిజ్‌లో కరిగిన మంచు

మాది జగిత్యాల దగ్గర పల్లె. బహ్రెయిన్‌లో, అస్కర్ లేబర్ క్యాంపులో ఉంటాను. మొన్న చలికాలంలో ఓ శుక్రవారం రూములో ఫ్రిజ్ కడిగే వంతు నాకొచ్చింది. పేరుకుపోయిన ఐసు కింద ఒక పెరుగు డబ్బా, అందులో మట్టి, వాడిపోయిన చిన్న మొక్క కనిపించాయి. రైతుబిడ్డను కదా, జాలేసి, ఐసంతా కరగబెట్టి డబ్బాను కిటికీలో ఎండకు పెట్టాను.

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన మా నేపాలీ రూమ్మేట్ దోర్జే దాన్ని చూసి కూలబడ్డాడు.

“ఎంత పని చేశావు భాయ్! మా కొండమీద ఏడాదిలో తొమ్మిది నెలలు మంచు కిందే ఉండే మొక్క అది. సెలవుకెళ్తే అమ్మ ఇచ్చింది.”

గబగబా డబ్బా అందుకున్నాను. మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టబోతే ఆపాడు.

“వద్దు. మంచు కరిగిందని దానికి తెలిసిపోయింది. ఇప్పుడు మళ్లీ గడ్డకడితే చచ్చిపోతుంది.”

పది రోజులు నాకు అన్నం సయించలేదు. పదకొండో రోజు గోరంత తెల్లపువ్వు విచ్చుకుంది! దోర్జే వీడియో కాల్‌లో చూపిస్తే వాళ్లమ్మ పకపకా నవ్వింది.

“ఇక్కడింకా మోకాలిలోతు మంచే. ఈసారి మన పువ్వు మీ ఎడారిలోనే ముందు పూసిందే!”

పువ్వు రాలాక మొక్కను మళ్లీ ఐసు కింద పడుకోబెట్టాం. ఇప్పుడు ఫ్రిజ్ కడిగే పని ఎప్పుడూ నాదే. ఎప్పుడు కడగాలో మాత్రం, కొండమీద మంచు కరగడం చూసి, దోర్జే వాళ్లమ్మ ఫోన్ చేసి చెబుతుంది.