మూత తియ్యని టీచరు

ఒకటో తరగతి టీచరు సోమవారం పిల్లలతో, "ఇక నుంచి మీ అన్నం డబ్బాల మూతలు నేను తియ్యను," అంది. ఏటా కొత్త పిల్లలకు ఆమె చెప్పే మాటే అది.

పిల్లలు పళ్ళతో లాగారు, బల్లకేసి కొట్టారు. గురువారానికి అందరికీ మూత తియ్యడం వచ్చేసింది, బుడ్డి అని పిలిచే పిల్లకు తప్ప. అది పక్కవాళ్ళు పెట్టింది తిని, తన డబ్బా అలాగే ఇంటికి మోసుకెళ్తోంది.

హెడ్‌మాస్టరు వచ్చాడు. "ఒక్క మూత తీస్తే మీ చేతులు అరిగిపోతాయా అమ్మా? బుడ్డి వాళ్ళమ్మ నన్ను నమిలేస్తోంది."

"నా దగ్గరికి పంపండి సార్. నేను అంత మెత్తగా ఉండను."

శుక్రవారం మిగతా పిల్లలందరూ తినేశారు. బుడ్డి మాత్రం డబ్బాను మోకాళ్ళ మధ్య బిగించి, చెంచా కాడతో మూతను ఎత్తుతోంది. దాని వేళ్ళు ఎర్రబడ్డాయి. చూడలేక టీచరు చెయ్యి చాపింది.

పిల్ల డబ్బాను పొట్టకు హత్తుకుని అటు తిరిగిపోయింది. "ముట్టుకోవద్దు టీచర్! తియ్యనన్నారుగా!"

అన్నాల వేళ అయిపోయిందని ఆయా గంట కొట్టబోయింది.

"కాసేపాగు," అంది టీచరు.

"హెడ్‌మాస్టరుగారు తిడతారమ్మా."

"తిట్టనీ."

మూత టప్పున ఊడింది. సగం అన్నం గౌను మీద పడింది. మిగిలింది పిల్ల నోట్లో పెట్టుకున్నాక, టీచరు తన డబ్బా తెరిచింది.